మీ వార్డులో చెట్ల నీడ ఎంత? కొలిచే పద్ధతి, నిలబెట్టుకునే పద్ధతి

“మా వార్డులో చెట్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? ఎవరిని అడిగితే తెలుస్తుంది?” నల్లగొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, ఇలా ఊరు మారుతుంది గానీ అడిగేది ఇదే. ఎవరినీ అడగక్కర్లేదు. ఒక కంప్యూటర్, ఒక టేపు, ఓపికున్న నలుగురు మనుషులు ఉంటే ఒక వార్డు లెక్క మీరే తేల్చుకోవచ్చు.

2015 జూలైలో తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం మొదలైనప్పటి నుంచి మనకు బాగా అలవాటైంది నాటిన మొక్కల లెక్క. ఆ కార్యక్రమం పెట్టుకున్న లక్ష్యం మాత్రం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తేవడం. ఎన్ని గుంతలు తీశారో చెబితే ఆ శాతం తెలియదు. మే నెల మధ్యాహ్నం క్లాక్ టవర్ నుంచి మీ ఇంటిదాకా నడిస్తే ఎంత దూరం నీడలో నడిచారు అన్నదే అసలు సంగతి. అందుకే ఇక్కడ మూడు లెక్కలు చెబుతున్నాను: పైనుంచి చూస్తే వార్డులో ఎంత శాతం చెట్ల కొమ్మల కింద ఉంది, పెద్ద చెట్లు ఎన్ని ఉన్నాయి, నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయి. ఆ తర్వాత ఉన్నవాటిని కాపాడుకునే పని.

ఏమేం కావాలి

- కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్, నెట్. ఫోన్‌లో కూడా చూడొచ్చు గానీ చిన్న తెర మీద చెట్టుకీ పొదకీ తేడా తెలియదు.
- గూగుల్ ఎర్త్ ప్రో. ఉచితం, కంప్యూటర్లో వేసుకోవాలి.
- వార్డు హద్దుల మ్యాపు. మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అడగండి. దొరక్కపోతే వార్డు ఆఫీసర్‌ను వెంటబెట్టుకుని హద్దు రోడ్లు గుర్తు పెట్టుకోండి.
- టైలర్ టేపు ఒకటి, 30 మీటర్ల టేపు ఒకటి. పెద్ద మర్రి మాను చుట్టుకొలతకు పురికొస.
- రూళ్ల రిజిస్టర్, చిన్న డబ్బా ఆయిల్ పెయింట్, సన్న బ్రష్.
- చెట్ల పేర్లు తెలిసిన మనిషి. కాలేజీలో బోటనీ చెప్పేవారైనా సరే, మేకలు కాసిన పెద్దాయనైనా సరే. రెండోవాళ్లకే ఎక్కువ తెలుసు, అది నేను చాలాసార్లు చూశాను.

ఎప్పుడు కొలవాలి?

మే నెలలో. ఇది చాలామంది పట్టించుకోరు. వానాకాలంలో ఫోటో తీస్తే ఖాళీ ప్లాట్లలో మొలిచిన గడ్డి, వయ్యారిభామ, ఊరి చివర వరి అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో తీస్తే వేప ఆకు రాల్చి ఉంటుంది, మోదుగ మోడుబారి ఉంటుంది, ఉన్న చెట్టు కూడా లేనట్టే లెక్కకొస్తుంది. మే నాటికి యాసంగి వరి కోత అయిపోయి, గడ్డి ఎండిపోయి, వేప, కానుగ, రావి మళ్లీ చిగురేసి నిండుగా ఉంటాయి. ఆ నెలలో పచ్చగా కనపడేది చాలావరకు చెట్టే. మే ఫోటో దొరక్కపోతే ఏప్రిల్‌ది తీసుకోండి. కానీ ఒక ఏడాది ఏ నెల తీసుకుంటే తర్వాత కూడా అదే నెల తీసుకోవాలి.

మొదటి లెక్క: పైనుంచి చూసి శాతం తేల్చడం

1. వార్డు హద్దు గీయండి.

గూగుల్ ఎర్త్ ప్రోలో పాలిగాన్ బటన్ నొక్కి వార్డు చుట్టూ గీసి, ఫైల్‌గా సేవ్ చేసుకోండి. వచ్చే ఏడాది కూడా ఇదే ఫైల్ కావాలి. హద్దు అటు ఇటు జరిగితే లెక్క చెడుతుంది. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు వార్డులు, మహబూబ్‌నగర్లో అప్పన్నపల్లి వైపు ప్రాంతాలు కొలిచేవాళ్లకు ఒక మాట: గుట్ట, అటవీ భూమి, చెరువు శిఖం మీ హద్దులోకి వస్తే వాటిని విడిగా ఇంకో పాలిగాన్ చేయండి. అప్పన్నపల్లి ఎకో పార్కు రెండు వేల ఎకరాల పైన ఉంటుంది. దాన్ని కలిపి లెక్కేస్తే ఊరంతా పచ్చగా ఉన్నట్టు వస్తుంది, ఊరి మధ్య న్యూటౌన్‌లో మాత్రం ఎప్పటిలాగే నీడ ఉండదు.

2. చుక్కలు వేయండి.

ప్రతి చెట్టునూ గీసుకుంటూ కూర్చోవద్దు. హద్దు లోపల ఎక్కడపడితే అక్కడ పడేలా చుక్కలు వేసి, ఒక్కో చుక్క కింద చెట్టు ఉందా లేదా అని చూడటమే పద్ధతి. దీనికోసం అమెరికా అటవీ శాఖ వాళ్లు తయారు చేసిన ఐ-ట్రీ కెనొపీ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. పేరుతో వెతికితే దొరుకుతుంది, ఏ దేశానికైనా వాడొచ్చు. మీరు గీసిన హద్దు ఇస్తే చుక్కలు అదే వేస్తుంది, చివర్లో శాతం కూడా అదే ఇస్తుంది. ఒక వార్డుకు 500 చుక్కలు పెట్టండి.

ఆ ప్రోగ్రాం ఇబ్బందిగా ఉంటే ఇంకో దారి: గూగుల్ ఎర్త్ ప్రోలో ఉత్తరం పైకి ఉండేలా, వంపు లేకుండా నేరుగా పైనుంచి చూసే ఫోటో సేవ్ చేసి పెద్ద సైజులో ప్రింట్ తీయండి. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద సమాన దూరంలో చుక్కలు పెట్టి ఫోటో మీద పరవండి. ఒక్కో చుక్క చూసి టిక్కు పెట్టుకుంటూ పోవడమే. హైస్కూలు పిల్లలు ఈ పని చక్కగా చేస్తారు. షీటును ఫోటో మీద ఎక్కడ పరిచారో రెండు మూలల్లో గుర్తు పెట్టుకోండి.

3. ఒక్కో చుక్క దేని మీద పడిందో రాయండి.

చెట్టు, పొద లేదా గడ్డి, పొలం, ఇల్లు, రోడ్డు, ఖాళీ నేల, నీళ్లు. ఇంతకు మించి రకాలు పెట్టుకోవద్దు. తప్పులన్నీ ఈ దశలోనే జరుగుతాయి. మన ఊళ్లలో ఎక్కువగా మోసం చేసేవి ఇవి:

సర్కారు తుమ్మ. చెరువు కట్టల కింద, నాలాల వెంట, ఎవరూ కట్టుకోని ప్లాట్లలో దట్టంగా పచ్చగా ఉంటుంది. పైనుంచి చూస్తే చిన్న అడవిలా అనిపిస్తుంది. ఇల్లు కట్టేరోజు జేసీబీ వచ్చి ఒక్క పూటలో తీసేస్తుంది. దీన్ని “పొద” కింద విడిగా రాయండి. చెట్టులో కలిపితే లేఅవుట్లు కొత్తగా వస్తున్న వార్డుల్లో అంకె పెద్దగా వచ్చి, రెండేళ్లలో దబ్బున పడిపోతుంది.

డాబాల మీద గ్రీన్ నెట్. ఎండ తట్టుకోలేక ఇప్పుడు మూడిళ్లకొకటి కడుతున్నారు. జూమ్ చేస్తే అంచులు తిన్నగా, నాలుగు పలకలుగా కనిపిస్తాయి. చెట్టు అంచు అలా ఉండదు.

చెట్టు నీడ. ఉదయం తీసిన ఫోటోలో నీడ పడమర వైపు పొడవుగా పడుతుంది, నల్లగా ఉండి చెట్టులాగే అనిపిస్తుంది. చుక్క నీడ మీద పడితే దాన్ని నేల కిందే రాయాలి, కొమ్మల మీద పడితేనే చెట్టు.

గుర్రపు డెక్క. చెరువు నీళ్ల మీద పరుచుకుని పచ్చిక మైదానంలా కనిపిస్తుంది. నీళ్ల కిందే రాయండి.

ఏమిటో తేలని చుక్కలకు ప్రశ్న గుర్తు పెట్టి, సాయంత్రం బండి మీద వెళ్లి చూసి రండి. ఊహించి రాయొద్దు. వీలైతే అవే చుక్కల్లో ఓ యాభై ఇంకొకరి చేత విడిగా చూపించండి. ఇద్దరికీ ఐదారు కంటే ఎక్కువ తేడా వస్తే “చెట్టు అంటే ఏది” అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

4. శాతం లెక్కేయండి, దాని పక్కనే తప్పు ఎంత ఉండొచ్చో రాయండి.

500 చుక్కల్లో 60 చెట్ల మీద పడ్డాయనుకోండి. 12 శాతం. కానీ ఇది నమూనా లెక్క కాబట్టి అటు ఇటు తేడా ఉంటుంది. 500 చుక్కలకు ఆ తేడా సుమారు 3 శాతం. అంటే మీ వార్డులో అసలు నీడ 9 నుంచి 15 మధ్యలో ఎక్కడో ఉంది. చుక్కలు 1,000కి పెంచితే తేడా 2 శాతానికి తగ్గుతుంది. 200 చుక్కలతో సరిపెడితే దాదాపు నాలుగున్నర శాతం. ఐ-ట్రీ కెనొపీ ఇచ్చే తేడా అంకెకు రెండింతలు వేసుకుంటే ఇదే వస్తుంది.

పేపర్లో “ఈ ఏడాది పచ్చదనం ఒక శాతం పెరిగింది” అని చదివితే వెంటనే సంతోషపడకూడదని చెప్పేది ఈ తేడానే. ఒక శాతం పెరుగుదల 500 చుక్కల లెక్కలో అసలు కనపడదు.

5. పాత ఫోటో తెరిచి అవే చుక్కలు మళ్లీ చూడండి.

గూగుల్ ఎర్త్ ప్రోలో గడియారం బొమ్మ నొక్కితే వెనకటి సంవత్సరాల ఫోటోలు వస్తాయి, తేదీ తెర మీద ఉంటుంది. ఐదేళ్ల కిందటి ఎండాకాలం ఫోటో ఒకటి ఎంచుకుని అవే చుక్కలు చూడండి. కొత్త చుక్కలు వేయొద్దు. కొత్తవి వేస్తే ఇందాకటి తేడా రెండు వైపులా కలిసి లెక్క మసకబారుతుంది.

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన కాగితం ఇక్కడే తయారవుతుంది: అప్పుడు చెట్టు ఉండి ఇప్పుడు లేని చుక్కల జాబితా. అవి పదో పదిహేనో ఉంటాయి. ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి ఏమైందో రాయండి. రోడ్డు వెడల్పు, కరెంటు తీగలు, కొత్త ఇల్లు, కాంప్లెక్సు ముందు బోర్డు కనపడటం లేదని, గాలిదుమారం. కారణాలు పక్కపక్కన రాస్తే మీ వార్డులో చెట్టుకు శత్రువు ఎవరో తెలిసిపోతుంది. ఒక వార్డులో తీగలైతే ఇంకో వార్డులో సీసీ రోడ్డు. మందు కూడా దాన్నిబట్టే.

శాటిలైట్ రంగుల మ్యాపులతో పని కాదా?

ఎన్‌డీవీఐ, అంటే ఉపగ్రహ ఫోటోలోంచి పచ్చదనాన్ని అంకెగా తేల్చే మ్యాపుల గురించి చాలామంది అడుగుతారు. సెంటినెల్-2 ఉపగ్రహం ఫోటోలు ఉచితంగా దొరుకుతాయి, ఆకు ఎంత పచ్చగా ఉంటే అంత ఎక్కువ అంకె వస్తుంది. ఊరు మొత్తాన్ని ఒక్కసారి చూడటానికి బాగుంటుంది. వీధి చెట్లకు మాత్రం సరిపోదు. అందులో ఒక్కో గడి 10 మీటర్లు, మన వీధి వేప కొమ్మల విస్తీర్ణం చాలాసార్లు అంతకన్నా తక్కువ. పైగా నల్లగొండ పక్కన పానగల్లు వైపు వరి మడికి వేప తోపు కంటే పెద్ద అంకె రావచ్చు.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నివేదికల్లో మీ కాలనీ కోసం వెతకొద్దు. వాళ్ల అటవీ విస్తీర్ణం లెక్క కనీసం హెక్టారు ఉండి, 10 శాతం పైన కొమ్మలు కప్పిన చోట్లది. వీధి చెట్లు అందులోకి రావు.

రెండో లెక్క: పెద్ద చెట్ల రిజిస్టర్

6. ప్రతి చెట్టుకూ ఒక వరస.

వార్డు మొత్తం ఒకేసారి చేయాలనుకోవద్దు. రెండు మూడు వీధులతో మొదలుపెట్టండి. నంబరు, చోటు (ఏ ఇంటి ఎదురుగా), చెట్టు పేరు, మాను చుట్టుకొలత, కొమ్మల వెడల్పు, ఆరోగ్యం, ముప్పు, ఒక ఫోటో.

చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీసుకోవాలి. అంటే నాలుగున్నర అడుగులు, మామూలు మనిషి ఛాతీ ఎత్తు. ఒక కర్రకు ఆ ఎత్తులో గుర్తు పెట్టుకుని చెట్టుకు ఆనించి కొలిస్తే ఎవరు కొలిచినా ఒకేలా వస్తుంది. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు నిలబడి కొలవండి. ఆ ఎత్తు కంటే కిందే మాను రెండుగా చీలితే రెండూ విడివిడిగా కొలిచి రెండూ రాయండి. బొడిపె ఉంటే దానికి కొంచెం పైన. టేపు వంకరగా పోకుండా వెనకవైపు ఒకరు పట్టుకోవాలి.

కొమ్మల వెడల్పుకు ఒకరు కొమ్మ చివర కింద నిలబడాలి, ఇంకొకరు ఎదురు చివర. ఉత్తర దక్షిణాలు ఒకసారి, తూర్పు పడమరలు ఒకసారి. 8 మీటర్లు, 6 మీటర్లు వచ్చాయనుకోండి, సగటు 7. దాన్ని దానితోనే గుణించి 0.785తో మళ్లీ గుణిస్తే 38 చదరపు మీటర్ల పైచిలుకు నీడ. ఇప్పుడు ఒక పని చేయండి. ఆరు నెలల కిందట నాటిన మొక్క కొమ్మలు కూడా ఇలాగే కొలవండి. అది అర మీటరు వెడల్పు ఉంటే నీడ 0.2 చదరపు మీటరు కూడా రాదు. ఒక్క వేప పోతే దాని నీడకు సాటి రావాలంటే అలాంటి మొక్కలు దాదాపు రెండు వందలు కావాలి. “కొట్టేసిన చెట్టుకు బదులు రెండు నాటాం” అని ఎవరైనా చెబితే ఈ లెక్క చూపించండి.

నంబరు పెయింట్‌తో రాయండి. మేకు కొట్టి రేకు తగిలించొద్దు. చెట్లకు ఇప్పటికే మేకులు దిగి ఉంటే ఆరోగ్యం కాలమ్‌లో రాయండి, ఫ్లెక్సీ కట్టిన తీగ బెరడులోకి దిగి ఉంటే కూడా.

ఆరోగ్యం దగ్గర వేప గురించి ప్రత్యేకంగా ఒక మాట. కొన్నేళ్లుగా వానాకాలం చివర్లో వేప కొమ్మల చివర్లు మాడి, గోధుమ రంగుకు తిరిగి, మంటకు కమిలినట్టు కనిపిస్తున్నాయి. ఇది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు. చూసినవాళ్లు చెట్టు చచ్చిందనుకుని కొట్టేస్తున్నారు. తొందరపడొద్దు. చాలా చెట్లు ఎండాకాలం వచ్చేసరికి మళ్లీ చిగురిస్తాయి. రిజిస్టర్‌లో “తెగులు” అని రాయండి, “చచ్చింది” అని రాయొద్దు. వచ్చే మేలో చూసి అప్పుడు తేల్చండి.

మూడో లెక్క: నాటిన మొక్కల్లో బతికినవి

7. మూడుసార్లు లెక్కపెట్టండి: నాటిన వారంలో, మొదటి ఎండాకాలం దాటాక జూన్‌లో, మూడో ఎండాకాలం దాటాక.

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లో నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలని ఉంది. బాధ్యత ప్రజాప్రతినిధుల మీద, అధికారుల మీద పెట్టారు. అందుకే ఈ అంకె విషయంలో జాగ్రత్తగా ఉండాలి. 200 మొక్కలు నాటితే 120 బతికాయి, చచ్చిన చోట 60 కొత్తవి పెట్టారు అనుకుందాం. వీధిలో లెక్కపెడితే 180 కనిపిస్తాయి, 90 శాతం అనిపిస్తుంది. నిజానికి బతికింది 60 శాతమే. మొదటి లెక్కలోనే ట్రీ గార్డు మీద నాటిన నెల, సంవత్సరం పెయింట్‌తో రాస్తే ఈ గందరగోళం ఉండదు.

మేలో ఆకు లేని మొక్క బతికుందా లేదా అని తెలుసుకోవాలంటే కాండం మీద గోరుతో కొద్దిగా గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది, నీళ్లు పోయండి. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కింద గీకండి. మొదట్లో కూడా అలాగే ఉంటేనే చచ్చినట్టు.

కాపాడుకునే పని

8. ముందు పెద్ద చెట్ల మొదళ్లు విడిపించండి.

కొత్తది నాటడానికి ముందు చేయాల్సింది ఇదే. సీసీ రోడ్డు వేసేటప్పుడు కాంట్రాక్టర్ కాంక్రీటును మానుకు ఆనించి పోస్తాడు. నీళ్లు దిగవు, వేరుకు గాలి ఆడదు, నాలుగైదేళ్లలో చెట్టు పైనుంచి ఎండుకుంటూ వస్తుంది. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. మన దగ్గర కూడా ఆ మీటరే అడగండి. పగలగొట్టేటప్పుడు జేసీబీ వద్దు, గడ్డపార, సుత్తితో చేయించండి. లావు వేర్లు తెగితే వచ్చే గాలిదుమారానికి చెట్టే పడిపోతుంది. విడిపించాక పాదు చేసి, ఆకులు పరవండి. ఆ పాదులో చెత్త కాల్చనివ్వొద్దు. ఒక్కసారి మంట తగిలితే ఆ వైపు బెరడు చనిపోతుంది, అక్కడి నుంచే చెదలు ఎక్కుతాయి.

చెదలు ఎంత పని చేస్తాయో పాలమూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మహబూబ్‌నగర్ దగ్గరి పాత మర్రిచెట్టు పిల్లలమర్రిలో 2017 డిసెంబర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది. ఆ తర్వాత సెలైన్ సీసాల్లో మందు ఎక్కించారు, కొమ్మల కింద స్తంభాలు కట్టారు, ఊడలు నేలకు చేరేలా పైపుల్లో దారి చేశారు. వందల ఏళ్ల మానును అలా నిలబెట్టుకున్నారు. అది అటవీ శాఖ నిపుణుల చేతుల్లో జరిగిన పని. మీ వీధి చెట్టుకు మీరు పురుగుమందు సూదులు పొడవొద్దు. చెద మట్టి గీకేసి, మొదట్లో తేమ నిలవకుండా చూసి, ఎక్కువైతే హార్టికల్చర్ వాళ్లకు చూపించండి.

9. మొదటి మూడు ఎండాకాలాలు నీళ్లు.

రోజూ చెంబెడు కంటే వారానికోసారి రెండు బిందెలు మంచిది. రోజూ పైపైన తడిపితే వేరు పైనే ఉండిపోతుంది. మన చెలక నేలలో, అడుగున మొరం తగిలే చోట అసలే వేరు లోతుకు పోదు. మొక్క పక్కన అడుగున చిన్న చిల్లు ఉన్న కుండ పాతి, చిల్లులో గుడ్డ వత్తి దూర్చి, నీళ్లు నింపి మూత పెట్టండి. నీళ్లు మెల్లగా వేరుకే అందుతాయి. పాదు పైన మూడు నాలుగు అంగుళాల మందాన ఎండాకులు పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వొద్దు, కుళ్లుతుంది. ఆకుల కొసలు కాలినట్టు అవుతుంటే బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువని అనుమానించి, కొన్నాళ్లు మంచినీళ్లు పోసి చూడండి.

ట్రీ గార్డు గురించి ఎవరూ ఆలోచించరు. మూడేళ్లకు మాను దానికి ఆనుకుంటుంది, ఇనుప కడ్డీ బెరడులోకి దిగుతుంది. ఆనుకోకముందే తీసేసి ఇంకో మొక్కకు పెట్టండి. గార్డు లేకపోతే తుమ్మ కంప చుట్టండి, మేకలకు అది చాలు.

10. తీగల కింద కొమ్మలు.

కరెంటోళ్లు వానలకు ముందు కొమ్మలు కొట్టడానికి వస్తారు. అది తప్పనిసరి పనే. వాళ్లు రోడ్డు వైపు మొత్తం నరికి ఇంటి వైపు వదిలేస్తే బరువు ఒక పక్కకు వాలుతుంది. లైన్‌మెన్ వచ్చే రోజు తెలుసుకుని దగ్గరుండి, తీగకు అడ్డొచ్చే కొమ్మలే మొదటికంటా తీయించండి. తల నరికిస్తే అక్కడ గుత్తులుగా బలహీనమైన కొమ్మలు లేచి రెండేళ్లలో మళ్లీ తీగకే తగులుతాయి. లావు కొమ్మైతే ముందు కింది వైపు సగం కోసి, తర్వాత కాస్త అవతల పైనుంచి కోసి బరువు దించి, చివర్లో మిగిలిన మొద్దును మానుకు దగ్గరగా, ఉబ్బెత్తు భాగం వదిలి తీయాలి. అలా అయితే బెరడు చీలదు.

తీగల దగ్గర కత్తి మీరు పట్టుకోవద్దు. లైన్ క్లియర్ తీసుకున్నాక, అంటే ఆ లైన్‌లో కరెంటు ఆపించాక, వాళ్లే కోయాలి.

11. కొత్తవి నాటేటప్పుడు.

తొలకరి బాగా పడ్డాక, జూన్ చివర నుంచి జూలైలో. గుంత రెండడుగులు వెడల్పు, రెండడుగులు లోతు. మొరం తగిలితే వెడల్పు పెంచండి. పై మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. ప్లాస్టిక్ కవరు తీయకుండా పాతిపెట్టడం మనం ఇంకా చూస్తూనే ఉన్నాం. చచ్చిన మొక్కను పీకి చూడండి, చాలాసార్లు కవరుతో సహా వస్తుంది. కవరు తీశాక అడుగున చుట్టుకున్న వేర్లు కత్తిరించి పెట్టండి. ఆరడుగుల మొక్క దొరికితే రోడ్డు పక్కకు అదే తీసుకోండి, మేక నోటికి అందదు.

చోటు ఉంటే వేప, కానుగ, నేరేడు, చింత. చెరువు కట్ట, గుడి ఆవరణ లాంటి చోట్ల రావి, మర్రి. తీగల కింద దేవకాంచనం, నందివర్ధనం, సీతాఫలం లాంటి చిన్నవి. కోనోకార్పస్ మాత్రం నాటకండి. త్వరగా పచ్చబడుతుంది, శాతం పెరిగినట్టు కనిపిస్తుంది, కానీ నిలబడటానికి నీడ ఇవ్వదు, మన పిట్టలకు పండు ఇవ్వదు.

12. లెక్కను ఆఫీసుకు తీసుకెళ్లండి.

మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని 2019 చట్టంలోనే ఉంది. మీ వార్డుకు అందులో ఎంత ఖర్చయిందో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో “పచ్చదనం వివరాలు ఇవ్వండి” అని రాస్తే పనికొచ్చేది రాదు. ఏ సంవత్సరం, ఏ వార్డు, ఎన్ని మొక్కలు కొన్నారు, నీళ్ల ట్యాంకర్‌కు ఎంత చెల్లించారు అని విడివిడిగా అడగండి. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలం ఎక్కడుందో ఆమోదించిన ప్లాన్ కాపీ కూడా అడగండి. చాలాచోట్ల కొత్త చెట్లకు మిగిలింది ఆ జాగానే.

చెట్టు కొడుతున్నారని తెలిస్తే ముందు ఫోటో తీసి, అనుమతి కాగితం చూపించమనండి. సొంత స్థలంలో చెట్టయినా వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అటవీ శాఖ అనుమతి కావాలి. సుబాబుల్, నీలగిరి, సర్వి లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. మీ రిజిస్టర్‌లో ఆ చెట్టు నంబరు, కొలత, ఫోటో ముందే ఉంటే “అక్కడ చెట్టే లేదు” అనడానికి వీలుండదు.

జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి సోమవారం కలెక్టరేట్‌లో జరుగుతుంది. ఒక పేజీ చాలు: వార్డు శాతం, దాని పక్కన తేడా, పోయిన చెట్ల జాబితా కారణాలతో సహా, మొదళ్లు విడిపించాల్సిన చెట్ల నంబర్లు. అడిగేది ఒకటో రెండో ఉండాలి, పది వద్దు. అర్జీ ఇచ్చాక నంబరు వేసిన రసీదు తీసుకుని, రిజిస్టర్ మొదటి పేజీలోనే అంటించి పెట్టుకోండి.